కిటికీ ఉన్న గది, ప్లమ్ కుడుములు

సెప్టెంబర్ 9, 2023, శనివారం. గ్వెల్ఫ్, కెనడా. సాయంత్రం 5.20

మే నెలలో కొన్న డైరీ. ఇంతవరకూ ఒక్క అక్షరం రాయలేదు. ఈ రోజు నుంచి రాస్తాను, కారణం ఉంది.

సుబ్బరాజు అంకుల్ బేస్‌మెంట్‌లో ఆరుగురం ఉంటున్నాం. నాది గది కూడా కాదు, ఇల్లంతా వేడిచేసే ఫర్నేస్ పక్కన కర్టెన్ కట్టిన మూల. అక్టోబర్ ఒకటో తారీకున ఆయన బావమరిది కొడుకు కాలేజీలో చేరడానికి దిగుతున్నాడట. ఆ మూల ఇక అతనిది. చివర చేరినదాన్ని కాబట్టి ముందు ఖాళీ చేయవలసిందీ నేనే. "నువ్వు తెలివైన పిల్లవమ్మా ధాత్రీ, నీకు ఎక్కడైనా దొరుకుతుందిలే" అన్నాడు. ఈ ఏడాది వచ్చిన పిల్లలకి ఊళ్ళో మంచాలే చాలడం లేదు. తెలివితేటలు పరుచుకుని పడుకోమంటాడు కాబోలు.

ఎంతమందికి మెసేజ్ పెట్టానో నాకే గుర్తు లేదు. పిలిచింది ఒక్కరే, యర్మిలా గారు. డెబ్బై నాలుగేళ్ళ చెక్ ఆవిడ. పెళ్ళికి ముందే ఇక్కడికి వచ్చేసిందట, భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. మేడ మీద గది. దానికి కిటికీ. నాలుగు నెలలుగా పగలో రాత్రో ఫోన్ చూసి తెలుసుకుంటున్నదాన్ని, ఆ కిటికీ ముందు రెండు నిమిషాలు నోరు తెరుచుకుని నిలబడ్డాను.

నా ముందు మెట్ల మీద పదకొండు మంది. అందరిదీ ఒకటే పాట: నేను చాలా క్లీన్, చాలా క్వయట్. ఆవిడ అవేమీ వినడం లేదు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో ఒక ఫొటో చూపించి, "ఇది వచ్చా?" అంటోంది. తెల్లటి ఉండలు. పైన నల్లగా గసగసాల పొడి, చక్కెర, కరిగించిన వెన్న. లోపల ప్లమ్ పండు. పిండేమో బంగాళాదుంపది. వాళ్ళ భాషలో క్నెద్లీకి అంటారట.

నా వంతు వచ్చింది. నోరు జారాను.

"ఇవా మేడమ్? మా ఇంట్లో వీటిని కుడుములు అంటాం. చిన్నప్పటి నుంచీ చేస్తున్నాను."

ఆవిడ మొదటిసారి ఒక మనిషి మొహం కేసి చూసింది. "ఇరవై నాలుగు, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండు. చేసి పట్టుకురా. అంతవరకూ గది ఎవరికీ ఇవ్వను" అంది. నా వెనక ఉన్న క్యూ మొత్తాన్ని ఇంటికి పంపేసింది.

నిజం ఏమిటంటే, నేను పుట్టి ఒక్క కుడుము చేయలేదు. తినడం కూడా ఏడాదికి రెండు, అవీ అమ్మ కళ్ళెర్రజేస్తే.

అయితే ఏం? పదిహేను రోజులుంది. తీర్మానాలు:

రోజూ ఒక వాయి.
మానడం ఉండదు.
మొదటి వారంలో పిండి, రెండో వారంలో అందం.

ఉడికిన దుంప, పిండి, పండు. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? వాళ్ళ అమ్మమ్మలు చేశారు, ఇంజనీరింగ్ చదివినదాన్ని నేను చేయలేనా?

సెప్టెంబర్ 10, ఆదివారం. ఉదయం 9.00

ఇంటర్నెట్‌లో చూశాను. దుంపలు ముందు రోజే తొక్కతో ఉడికించి, పూర్తిగా చల్లారాక తురమాలట. పిండి కలిపిన వెంటనే ఉండలు చుట్టెయ్యాలట. ఆలస్యం చేయకూడదని మూడుసార్లు రాశారు. పిండి నానబెట్టడం అనేది ఒకటుందని పాపం వీళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు.

అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ తెనాలిలో లెక్కల టీచరు. ప్రపంచంలో తప్పు చేయనిది తనొక్కతే అని ఆవిడ నమ్మకం. నాకూ అదే వచ్చింది.

"బంగాళాదుంపతో తీపా? చోద్యం కాకపోతే! ఆ దేశంలో బియ్యప్పిండి దొరకదటే?"

"అది తర్వాత. ఎలా చెయ్యాలో చెప్పు."

"ఏముందే, కుక్కర్లో పడెయ్. నాలుగు కూతలు. మెత్తగా మెదిపి, పిండి కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలెయ్. చపాతీకి చెయ్యవూ, అలాగే. అన్నట్టు గది దొరికిందా?"

"దొరికినట్టే."

11.40. దుంపలు కుక్కర్లోంచి నీళ్ళు తాగి వచ్చాయి. ఫరవాలేదు. పిండి కలిపి, తడిగుడ్డ కప్పి, పక్కన కూర్చున్నాను.

12.15. గుడ్డ తీసి చూస్తే జావ. అరగంట క్రితం ముద్దగా ఉన్నది గిన్నెలో పాకుతోంది. ఇంకో కప్పు మైదా వేశాను. ఇంకో కప్పు. చేతికి అంటుకున్నది గిన్నెకి రావడం లేదు, గిన్నెలోది చేతిని వదలడం లేదు. ఇంకో కప్పు.

1.30. ఉడికాయి. నీళ్ళలోంచి తేలాలట. నావి అడుగున కూర్చుని నా వంక చూశాయి.

రుచి చూసింది మధుమిత. నా కర్టెన్‌కి అవతలి పక్క మంచం తనది. హనుమకొండ అమ్మాయి. ఆకలైతే ఏదైనా తింటుంది, తిన్నాక మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుంది.

"ఇది తినేదా, గోడకు కొట్టేదానే?"

నాలుగు తింది. మొదటి రోజుకి ఇది విజయం కిందే లెక్క.

సెప్టెంబర్ 12, మంగళవారం. ఉదయం 8.15

నిన్న వాయి లేదు. నేను పార్ట్‌టైమ్ చేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో షిఫ్ట్ పొడిగించారు. లెక్క ప్రకారం ఇది తీర్మానం తప్పడం కాదు, వాయిదా.

ఈ రోజు గసగసాల మీద దృష్టి. నానబెట్టి, కుర్మాలోకి నూరినట్టు కాటుకలా నూరాను. మా ఇంట్లో గసగసాలంటే అలాగే. చక్కెర కలిపి ఉండల మీద వేస్తే బూడిదరంగు సున్నం పూసినట్టు తయారైంది. పొడిగా ఆడించాలట. పైగా వాళ్ళవి నల్లవి, నావి తెల్లవి. ఒకే గింజకి రెండు రంగులు ఎందుకో ఎవరూ చెప్పరు.

పిండి మళ్ళీ జారింది. ఈసారి ముప్పావుగంట నానబెట్టాను, అరగంట చాలలేదేమోనని.

సెప్టెంబర్ 14, గురువారం. మధ్యాహ్నం 2.00

ఒక విషయం తెలిసింది. చెక్ వాళ్ళు వీటిని చిరుతిండిగా తినరట. భోజనంగా తింటారట. మధ్యాహ్నం, కంచం నిండా, కూర లేదు పప్పు లేదు. పెళ్ళాం పిల్లలతో సహా కూర్చుని తీపి దుంపముద్దలతో కడుపు నింపుకుని, చేయి కడుక్కుని పనికి పోతారన్నమాట. ఇలాంటి వాళ్ళకా నేను భయపడుతున్నాను?

వాయి లేదు. పరిశోధన కూడా పనే.

సెప్టెంబర్ 15, శుక్రవారం. సాయంత్రం 4.30

ప్లమ్స్ కొన్నాను. పెద్దవి, ఎర్రవి, నిగనిగలాడుతూ చూడముచ్చటగా ఉన్నాయి. చిన్న నీలి రకం కొనమని రాశారు కానీ అవి వడిలిపోయిన నేరేడుపళ్ళలా ఉన్నాయి, ఎవరు తింటారు?

ఉడుకుతుండగా ఎర్రవి లోపలే పగిలాయి. గిన్నె నిండా గులాబీరంగు నీళ్ళు, వాటిలో మైదా తుంపులు. మధుమిత గరిటెతో కలిపి చూసి, "సూపా?" అంది.

అవును, సూపే. తాగింది.

సెప్టెంబర్ 18, సోమవారం. వినాయక చవితి. ఉదయం 10.30

జరిగింది జరిగినట్టు రాస్తాను. రాసి, ఈ పేజీ ఎవరికీ చూపించను.

నిన్న సాయంత్రం ఆరో వాయి చేశాను. పండు పెట్టలేదు, పిండి ఒక్కటే కుదురుతుందేమో చూద్దామని. గట్టిగా వచ్చాయి కానీ గుండ్రంగా వచ్చాయి. పొద్దున లేచేసరికి పైనుంచి సుబ్బరాజు అంకుల్ కేక: పూజకి అందరూ రావాలి, ప్రసాదం ఏదో ఒకటి బేస్‌మెంట్ నుంచి కూడా రావాలి. ఎవరి దగ్గరా బియ్యప్పిండి లేదు. మధుమిత ఫ్రిజ్ తెరిచింది.

"గిన్ని ఉండలున్నయ్ గదనే. మళ్ల చేసుడెందుకు? గివే పెడదాం."

నేను స్నానంలో ఉన్నాను. వచ్చేసరికి మట్టి వినాయకుడి ముందు పళ్ళెంలో నా ఆరో వాయి, ఒక్కోదాని మీదా ఒక కుంకుమ బొట్టు. అంకుల్ హారతి ఇస్తున్నాడు. ఆయన నియమాలు అందరికీ తెలిసినవే. ఈ రోజు ఉల్లిపాయ కూడా ముట్టడు.

నేను మధుమిత చెవిలో చెప్పాను. "అందులో గుడ్డుంది."

"గుడ్డేసినవా? ముందుగాల చెప్పొద్దా?"

అప్పటికే అంకుల్ కళ్ళకద్దుకుని రెండు నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. "ఉండ్రాళ్ళు కొంచెం బిగుసుకున్నాయమ్మా, అయినా భక్తి ముఖ్యం" అన్నాడు. నన్ను వీధిలోకి పంపుతున్న మనిషికి ఏ శాపమూ పెట్టకుండానే ఏదో పెట్టేశాను. పాపమో కాదో వినాయకుడే తేల్చుకోవాలి. నాకు మాత్రం నవ్వు ఆగలేదు, బాత్రూమ్‌లోకి పారిపోయాను.

సెప్టెంబర్ 20, బుధవారం. మధ్యాహ్నం 1.00

రెండు రోజులుగా వాయి లేదు. కారణాలు:

అసైన్‌మెంట్.
తురుము పీట మీద వేలు తెగింది. ఎడమ చేతిదే అయినా తెగడం తెగడమే.
స్టవ్ ఖాళీ లేదు. ఆరుగురికి ఒక స్టవ్, అందులో ఇద్దరు రోజూ బిర్యానీ చేస్తారు.
ఈ కెనడా దుంపల్లో నీరెక్కువ.

నాలుగో కారణం మధుమితకి చెప్పాను. "చెక్కోళ్లు గూడ గీ దుంపల్నే కొంటరు గదనే" అంది. ఈ పిల్లకి తిండి పెట్టడం నాదే తప్పు.

సెప్టెంబర్ 21, గురువారం. ఉదయం 11.10

సూపర్‌మార్కెట్‌లో యర్మిలా గారు ఎదురుపడ్డారు. దాక్కుందామనుకున్నాను, చూసేసింది. నా బుట్టలో ఎర్ర ప్లమ్స్ ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి బల్ల మీద వెనక్కి పెట్టి, ఆ వడిలిన నీలి రకం ఏరి ఏరి నింపింది.

"ఈ ఏడాదికి ఇవే ఆఖరు. వచ్చే వారం ఉండవు. నీకు తెలుసనుకో" అంది.

"తెలుసు మేడమ్."

"మీ అమ్మ పండులో గింజ ఉంచుతుందా, తీస్తుందా?"

"పండగని బట్టి" అన్నాను. ఏ పండగో నాకు తెలియదు, ఆవిడ అడగలేదు. సంతృప్తిగా తల ఊపి, పళ్ళ సంచి నా చేతిలో పెట్టి, "చాలా ఏళ్ళ తర్వాత నిజమైనవి తింటాను" అని వెళ్ళిపోయింది.

ఆ మాట వినకుండా ఉంటే బాగుండేది. ఇంతకాలం ఇది పరీక్ష అనుకున్నాను. ఆవిడ చూస్తే ఆశగా ఎదురుచూస్తోంది. నా మీద నాకే చిరాకేసింది, దుంపల మీద ఇంకా ఎక్కువగా వేసింది.

సెప్టెంబర్ 22, శుక్రవారం. సాయంత్రం 6.00

ఉడకబెడితే విడిపోతున్నాయి కదా, వేయిస్తే? మన బూరెలు విడిపోతాయా? నూనె కాగింది. మొదటి ఉండ వేశాను. అర నిమిషం బాగానే ఉంది, తర్వాత పేలింది. ప్లమ్ గింజ ఎగిరి బల్బుకి తగిలింది. పొగ. స్మోక్ అలారం. ఐదుగురూ దగ్గుతూ బయటికి పరుగు.

సుబ్బరాజు అంకుల్ పంచె ఎగ్గట్టుకుని దిగి వచ్చాడు. "ఇంకా ఎనిమిది రోజులుంది కదమ్మా, ఇప్పుడే ఇల్లు తగలబెట్టడం దేనికి?"

తల ప్రాణం తోకకి వచ్చింది. ఆవిడ ఏరి ఇచ్చిన నీలి ప్లమ్స్ సగం అయిపోయాయి. ఇంక నా వల్ల కాదు.

సెప్టెంబర్ 23, శనివారం. మధ్యాహ్నం 3.40

బస్సెక్కి పక్క ఊరు కిచెనర్ వెళ్ళాను. అక్కడ ఒక పోలిష్ కొట్టు ఉంది. ఫ్రీజర్‌లో ప్లమ్ ఉండలు, పన్నెండింటి ప్యాకెట్. అన్నీ ఒకే సైజు, ఒకే తెలుపు, అచ్చు ఫొటోలో ఉన్నట్టే. నేను రెండు వారాలుగా కొట్టుకుంటున్నదాన్ని ఏదో మెషీను నిమిషానికి వంద చేస్తోంది. నాకు చదువు చెప్పిన వాళ్ళ మీద కోపం వచ్చింది.

నల్ల గసగసాలు కూడా పొడి చేసినవే దొరికాయి.

మరీ నున్నగా ఉన్నాయి, అనుమానం వస్తుంది. అందుకని కొంచెం కరిగాక ఒక్కోదాన్నీ బొటనవేలితో అక్కడక్కడ నొక్కాను. రెండింటిని వంకర చేశాను. నా ఇంజనీరింగ్ మొత్తం ఇక్కడ పనికొచ్చింది.

మధుమిత చూస్తూ కూర్చుంది. "ఆమెకి చెప్తవా?"

"చెప్తే గది పోతుంది."

"తెలిస్తే?"

"ఎలా తెలుస్తుంది? ముసలావిడ."

సెప్టెంబర్ 24, ఆదివారం. మధ్యాహ్నం 3.00

ఆవిడ బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. రెండు కంచాలు, రెండు ఫోర్కులు. వెన్న తనే కరిగించి ఉంచింది. నేను ఆవిడ వంటింట్లోనే ఉడికించాను. అన్నీ బుద్ధిగా తేలాయి.

ఒకటి తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. రెండోది తింది. మూడోది కూడా. నేను అప్పటికే మనసులో కిటికీకి కర్టెన్ రంగు ఎంచుకుంటున్నాను.

యర్మిలా గారు ఫోర్కు కింద పెట్టి, లేచి వెళ్ళి, ఫ్రీజర్ తలుపు తీసింది. పక్కకి జరిగి నన్ను చూడనిచ్చింది. అదే ప్యాకెట్టు. అవే అక్షరాలు. అలాంటివి ఐదు ఉన్నాయి.

"ఇవి ముప్పై ఏళ్ళుగా తింటున్నాను. బొటనవేలి గుర్తులు మాత్రం కొత్తవి" అంది.

పరువు పోయింది. నేల చీలి నన్ను బేస్‌మెంట్‌లోకే పడేస్తే బాగుండుననిపించింది. ఇంక దాచడానికి ఏమీ లేదు కాబట్టి మొత్తం చెప్పేశాను. కుక్కరు, నానబెట్టడం, సున్నం, సూపు, బల్బుకి తగిలిన గింజ. వినాయకుడి సంగతి కూడా. నాకు కుడుములు కూడా రావని, అమ్మ నన్ను చదువుకొమ్మని వంటింట్లోంచి తరిమేసేదని చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ మొహంలో కోపం లేదు. రంగు మాత్రం పోయింది.

"నిజంగా రాదా? ఒక్కసారైనా కుదరలేదా?"

"లేదు మేడమ్."

కుర్చీలో కూలబడింది. నా వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"అక్కడ మా దేశంలో, బ్ర్నోలో మా చెల్లెలు ఉంది, బ్లాంకా. నవంబర్ పదకొండున వస్తోంది. మా అమ్మ పోయినప్పటి నుంచీ ప్రతి ఉత్తరంలో దానికి రాస్తూ వచ్చాను, ప్రతి ఆదివారం అమ్మ చేసినట్టే చేసుకుని తింటానని. అవి తినడానికే వస్తున్నానంది. నేను జన్మలో ఒక్కటి చేయలేదు. మా అమ్మ కూడా నన్ను పుస్తకాల ముందు కూర్చోబెట్టింది."

ఈవిడ గది అద్దెకి పెట్టింది ఇందుకా! మెట్ల మీద అంతమందిని నిలబెట్టి వడపోసింది తన అబద్ధాన్ని కాయడానికి ఒక వంటమనిషి కోసమా! నాకు ఒళ్ళు మండింది. వెంటనే, ఆ వడపోతలో నెగ్గింది నా అబద్ధమే కదా అని గుర్తొచ్చింది.

"అయితే గది?" అన్నాను. సిగ్గు లేదు నాకు.

"నీకు కాక ఇంకెవరికి? పిండి ఎన్ని రకాలుగా చెడుతుందో రెండు వారాలు చూసి వచ్చావు. ఇంకొకర్ని తెస్తే ఆ కుక్కరు దగ్గర మళ్ళీ మొదలెట్టాలి." ఒక వేలు చూపించింది. "కానీ బ్లాంకా వచ్చాక నువ్వు ఒక మాట చెప్పాలి. ప్రతి ఆదివారం ఇక్కడ ఇవే తింటున్నామని."

అమ్మకి ఫోన్ చేసి గది దొరికిందని చెప్పాను. "నానబెట్టమన్నాను చూశావా, నేను చెప్పినట్టు చేస్తే అంతే" అంది.

అక్టోబర్ 1, ఆదివారం. ఉదయం 11.45

కిటికీ ముందు కూర్చుని రాస్తున్నాను. బయట పగలు. ఫోన్ చూడకుండానే తెలిసింది.

కొత్త తీర్మానాలు, ఈసారి ఇద్దరివీ:

రోజూ ఒక వాయి. మానడం ఉండదు.
దుంపలు ముందు రోజే ఉడకాలి.
మిగిలిన నీలి ప్లమ్స్ గింజ తీసి ఫ్రీజర్‌లో పెట్టాలి.
నవంబర్ మొదటి వారానికల్లా కళ్ళు మూసుకుని చేయగలగాలి.

లెక్క వేశాను, పదకొండో తారీకుకి నలభై ఒక్క రోజులు. సరిగ్గా ఒక మండలం. మా వైపు మాల వేసుకుని చెప్పుల్లేకుండా తిరుగుతారని, అలాంటి దీక్ష ఇదీ అని ఆవిడకి వివరించాను. "చెప్పులు ఉంచుకోవచ్చా?" అని అడిగింది.

12.20. బ్లాంకా గారు వీడియో కాల్ చేశారు. యర్మిలా గారు ఇప్పుడే చేతులు పిండిలోంచి తీసినట్టు ఏప్రన్‌కి తుడుచుకుంటూ ఎత్తింది. ఆ చేతులకి పిండి లేదు, పొద్దున్నుంచీ పేపరు చదువుతోంది. ఫోన్ నా వైపు తిప్పింది. నేను కళ్ళు పెద్దవి చేసి, అద్భుతంగా ఉంటాయండీ, అక్క చేతి మహిమ అన్నాను. బ్ర్నోలో చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. అబద్ధం వరకూ మా ఇద్దరికీ ఏ సాధనా అక్కర్లేదు, కుదరవలసింది పిండి ఒక్కటే.

12.50. దీక్ష రేపటి నుంచి మొదలు. దుంపలు ముందు రోజే ఉడకాలి కదా, నిన్న ఎవరూ ఉడకబెట్టలేదు. ఫ్రీజర్‌లోంచి ఒక ప్యాకెట్టు తీశాం. ఆవిడ ఆరు, నేను ఆరు.